వేలిముద్ర వెయ్యకముందు ఒక్క మాట అడుగు

2020 ఏప్రిల్ నెల గుర్తుందా? చింతపండు, జీడిపిక్కలు చేతికొచ్చే రోజులు. కొండమీద మనకి ఏడాది మొత్తంలో నాలుగు డబ్బులు కనిపించేది ఆ రెండు మూడు నెలల్లోనే. సరిగ్గా అప్పుడే సంతలు మూసేశారు. బస్సు లేదు, ఆటో లేదు. కొండ దిగి వెళ్ళినా కొనేవాడు లేడు. దొరికిన వ్యాపారి చెప్పిందే రేటు. చెన్నైకీ, హైదరాబాదుకీ పనికెళ్ళిన మన పిల్లలు అక్కడే ఇరుక్కుపోయారు.

అప్పటికి మన జిల్లాల్లో కరోనా లేనేలేదు. శ్రీకాకుళం జిల్లాలో మొదటి కేసులు బయటపడింది ఏప్రిల్ 25న, పాతపట్నం మండలంలో. విజయనగరం జిల్లాలో మే మొదటి వారం దాకా ఒక్క కేసు కూడా లేదు. రాష్ట్రంలో అన్ని జిల్లాల కంటే ఆఖరు. అంటే మనకి రోగం కంటే ముందు ఆకలి వచ్చింది. ఆకలి వెనకాల సాయం వచ్చింది. సాయం వెనకాల మోసం వచ్చింది. కొన్నిచోట్ల సాయం కంటే మోసమే ముందొచ్చింది.

ఆ మోసం గురించే ఈ నాలుగు మాటలు. కరోనా పోయింది కదా, ఇప్పుడెందుకు అంటావేమో. ఆ రోజు వాడిన మిషన్లు, ఆ రోజు నేర్చుకున్న మాయమాటలు ఇంకా మన గూడేల్లో తిరుగుతూనే ఉన్నాయి. ఇంకో తుఫానో, ఇంకో జబ్బో వస్తే మళ్ళీ సాయం వస్తుంది. మళ్ళీ వాళ్ళూ వస్తారు.

మాకు తెలిసిన ఒక పెద్దమ్మ సంగతి చెప్తాను. ఆ ఏప్రిల్లో జనధన్ ఖాతాలో ఐదొందలు పడ్డాయని విన్నది. బ్యాంకు ఉన్నది మండల కేంద్రంలో. వెళ్ళే దారి లేదు. ఈలోపు బండి మీద ఒకతను వేలిముద్ర మిషన్ పట్టుకుని ఊళ్ళోకి వచ్చాడు. ఆధార్ నంబరు కొట్టాడు, వేలు పెట్టమన్నాడు. "సర్వర్ లేదమ్మా, ఇంకోసారి" అన్నాడు. మళ్ళీ పెట్టింది. "ఇంకోసారి" అన్నాడు. మూడోసారి కూడా పెట్టింది. "నీకింకా డబ్బులు పడలేదు" అని చెప్పి బండెక్కి పోయాడు. తర్వాత ఎప్పుడో బ్యాంకుకి వెళ్ళి పుస్తకం ఎక్కిస్తే, ఆ ఐదొందలూ, అంతకుముందు పడిన ఉపాధి కూలీ డబ్బులూ ఒకే రోజు తీసేసినట్టు ఉంది. "ఏలెట్టమన్నాడు, ఎట్టినాను. నాకేటి తెల్సు బాబూ" అంది.

ఇలాంటివి పేపర్లో వస్తే "అమాయక గిరిజనులు" అని రాస్తారు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పెద్దమ్మ అమాయకురాలు కాదు. సంతలో చింతపండు తూచేటప్పుడు వ్యాపారి కాటా కింద వేలు పెడితే అక్కడికక్కడే పట్టుకుంటుంది. అడ్డాకుల కట్ట చేత్తో పట్టి ఎన్ని ఉన్నాయో చెప్పేస్తుంది. ఎందుకంటే ఆ కాటా ఆమెకి కనిపిస్తుంది. ఈ మిషన్ కాటా ఆమెకి కనపడదు. తెర మీద అంకె అతని వైపు ఉంటుంది, వేలు మాత్రం ఆమెది. ఇందులో ఆమె తెలివితక్కువతనం ఏముంది?

నేను చెప్పదలుచుకున్నది ఇదే. మోసగాడు బతికేది మన చదువులేనితనం మీద కాదు. సాయం ఏ దారిన వస్తుందో మనకి ఎవరూ చెప్పకపోవడం మీద బతుకుతున్నాడు. డబ్బు దారి తెలిస్తే దొంగ దారి దానంతట అదే తెలిసిపోతుంది.

అప్పుడు మనకి రావలసినవి ఏమిటో, ఏ దారిన వచ్చాయో ఒకసారి చూద్దాం.

కేంద్రం 2020 మార్చి 26న ప్రధానమంత్రి గరీబ్ కల్యాణ్ ప్యాకేజీ ప్రకటించింది. మనిషికి నెలకి 5 కిలోల బియ్యమో గోధుమలో ఉచితం. మొదట మూడు నెలలన్నారు, తర్వాత నవంబరు దాకా పొడిగించారు. అది రేషన్ డిపో దారి. మహిళల జనధన్ ఖాతాల్లో ఏప్రిల్, మే, జూన్ నెలల్లో ఐదేసి వందలు. అది బ్యాంకు దారి. మామూలు సేవింగ్స్ ఖాతా ఉన్న మహిళలకి అది రాలేదు. ఇద్దరూ ఒకే గూడెం, ఒకే పేదరికం, ఒకరికి వచ్చింది, ఒకరికి రాలేదు. ఎందుకో చెప్పిన నాథుడు లేడు. పీఎం కిసాన్ రెండు వేలు కూడా బ్యాంకు దారే. ఆ ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో ఉపాధి కూలీ రోజుకి 211 నుంచి 237 రూపాయలైంది.

రాష్ట్ర ప్రభుత్వం ఏప్రిల్ 4న బియ్యం కార్డు కుటుంబాలకి వెయ్యేసి రూపాయలు ఇచ్చింది. అది బ్యాంకు దారి కాదు. వాలంటీర్లు ఇంటికొచ్చి చేతిలో పెట్టారు.

ఇప్పుడు ఆలోచించు. వెయ్యి రూపాయలు చేతికి ఇస్తున్నప్పుడు, "వెయ్యి కావాలంటే ఈ లింకు నొక్కండి" అని ఫోన్లో వచ్చిన మెసేజ్ నిజమెలా అవుతుంది? బియ్యం డిపోలో ఇస్తున్నప్పుడు "బియ్యం పేరు ఎక్కించడానికి ఓటీపీ చెప్పండి" అనేవాడికి బియ్యంతో ఏం పని? దారి తెలిసినవాడికి ఇది ఒక్క నిమిషంలో తేలిపోయే లెక్క. తెలియనివాడు మాత్రం చిక్కుకుంటాడు.

అప్పుడు తిరిగిన మోసాలు ఒకటా రెండా. "కరోనా సహాయత యోజన" అనే పథకం కింద అందరికీ వెయ్యి రూపాయలిస్తున్నారని వాట్సాప్‌లో ఒక మెసేజ్ దేశమంతా తిరిగింది. అలాంటి పథకమే లేదని కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ చెప్పాల్సి వచ్చింది. పీఎం కేర్స్ నిధి పెట్టిన కొద్ది రోజులకే, ఒక్క అక్షరం తేడాతో దొంగ యూపీఐ ఐడీలు పుట్టాయి. మార్చి 27న రిజర్వు బ్యాంకు అప్పుల వాయిదాలకి మూడు నెలలు గడువిస్తే, "మీ వాయిదా ఆపుతాం, ఓటీపీ చెప్పండి" అని ఫోన్లు మొదలయ్యాయి. ఉచిత కరోనా పరీక్ష పేరుతో దొంగ మెయిల్స్ వస్తాయని జూన్‌లో కేంద్ర సైబర్ భద్రత సంస్థ హెచ్చరించింది. వాటిలో ఒకటి అచ్చం ప్రభుత్వ చిరునామా లాగే ఉంది.

వదంతి కూడా మోసమే. జనధన్ ఐదొందలు వెంటనే తియ్యకపోతే ప్రభుత్వం వెనక్కి తీసేసుకుంటుందని పుట్టించారు. అది అబద్ధం, డబ్బు ఎక్కడికీ పోదని కేంద్ర ఆర్థిక శాఖ చెప్పింది. రద్దీ తగ్గించడానికి ఖాతా నంబరు చివరి అంకెని బట్టి ఏప్రిల్ 3 నుంచి 9 దాకా రోజులు కూడా విడగొట్టారు. ఆ మాట మన గూడేలకి ఎవరు తెచ్చారు? సవర భాషలో ఎవరు చెప్పారు? కువిలో ఎవరు చెప్పారు? వదంతి మాత్రం నడుచుకుంటూ వచ్చేసింది. భయపడిన జనం, దగ్గరలో ఏ మిషన్ ఉంటే ఆ మిషన్ మీద వేలు పెట్టేశారు. మన పెద్దమ్మ కూడా అలాగే పెట్టింది.

ఈ వేలిముద్ర మనకి కొత్తది కాదు, తమ్ముడూ. మన తాతల కాలంలో షావుకారు నోటు మీద వేలిముద్ర వేయించుకునేవాడు. గింజలు అప్పిచ్చి, కాగితం మీద ఎంత రాశాడో చదివి చెప్పేవాడు కాదు. ఏళ్ళు గడిచేసరికి భూమి షావుకారుదీ, మనిషి కంబారీ అయిపోయేవాడు. శ్రీకాకుళం కొండల్లో గిరిజన సంఘం నిలబడింది ఆ భూమి కోసం, కూలీ కోసం, ఆ అప్పుల నోట్లకి ఎదురుగా. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న ప్రాణాలు పోయింది ఆ దారిలోనే. 1959 నాటి భూబదలాయింపు చట్టానికి 1970లో కోరలు పెట్టి 1/70 తెచ్చారంటే, ఆ వేలిముద్రల వెనక ఎంత భూమి పోయిందో అర్థం చేసుకో.

అప్పుడు కాగితం మీద ఏముందో చదవలేకపోయాం. ఇప్పుడు తెర మీద ఏముందో చూపించడం లేదు. వేలు మాత్రం అదే.

ఆధార్ వేలిముద్ర చెల్లింపులో కార్డు అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు, ఓటీపీ కూడా రాదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలు ఉంటే చాలు. ముసలివాళ్ళకి, చదువు రానివాళ్ళకి అది నిజంగా మేలే. బ్యాంకు లేని ఊళ్ళో ఆ మిషనే బ్యాంకు. దాన్ని తీసెయ్యమని నేను అనడం లేదు. కానీ తాళంచెవి అంత తేలికైనప్పుడు కాపలా గట్టిగా ఉండాలి కదా. ఆ కాపలా ఎవరూ పెట్టలేదు.

మన దగ్గరే ఇలా జరిగిందనుకోకు. 2020 చివర్లో జార్ఖండ్‌లో మైనారిటీ విద్యార్థుల స్కాలర్‌షిప్ కుంభకోణం బయటపడింది. దళారులూ, కొందరు మిషన్ ఏజెంట్లూ కలిసి పేద కుటుంబాల ఆధార్లు, వేలిముద్రలు తీసుకుని వాళ్ళ పేరున వచ్చిన డబ్బులో చాలా భాగం మింగేశారు. సౌదీ అరేబియా నుంచి సాయం వచ్చిందని కొందరికి చెప్పారట. 2018లో తెలంగాణలో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ పత్రాల మీద ఉన్న వేలిముద్రలు దించి, రబ్బరు ముద్రలు చేసి, వాటితో వేల సిమ్ కార్డులు తెరిచాడు. భూమి కాగితం మీద ఏనాడో వేసిన ముద్ర కూడా దొంగిలించొచ్చన్న మాట. అమెరికాలో కరోనా సాయంగా మనిషికి 1200 డాలర్లు ఇస్తే, "ముందు ఫీజు కట్టండి" అనే దొంగలు అక్కడా పుట్టారు. సాయం రావాలంటే ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదని అక్కడి ప్రభుత్వమే జనానికి చెప్పుకోవాల్సి వచ్చింది. చదువుకున్న దేశంలో కూడా ఇదే కథ. కాబట్టి ఇంకోసారి ఎవరైనా "అమాయక గిరిజనులు" అంటే ఈ సంగతి చెప్పు.

ఇక చదువుకున్న మన పిల్లల సంగతి. మీకు మోసం వేలిముద్ర రూపంలో రాదు, యాప్ రూపంలో వస్తుంది. లాక్‌డౌన్‌లో పని పోయిన కుర్రాళ్ళు ఫోన్లో ఐదు నిమిషాల్లో అప్పు అంటే తీసుకున్నారు. ఆ యాప్ ముందు నీ ఫోన్లో నంబర్లన్నీ లాక్కుంటుంది. కట్టలేకపోతే నీ వాళ్ళందరికీ ఫోన్లు చేసి పరువు తీస్తుంది. 2020 డిసెంబరు 23న రిజర్వు బ్యాంకు ఈ యాప్‌ల గురించి హెచ్చరించే సరికి తెలంగాణలో ప్రాణాలు కూడా పోయాయి.

దానికంటే ప్రమాదం ఇంకొకటి. "నీ ఖాతా, నీ సిమ్ మాకివ్వు, నెలకి ఇంత ఇస్తాం" అంటారు. ఎక్కడో ఎవరిదో దోచిన డబ్బు నీ ఖాతాలోంచి నడుస్తుంది. పోలీసులు వచ్చేది నీ ఇంటికి. ఆ డబ్బు ఇంకో గూడెంలో ఇంకో పెద్దమ్మది కావచ్చు. రెండు వేలకి ఆశపడి ఆ పని చెయ్యకు, చెల్లీ. నీ తమ్ముణ్ణి కూడా చెయ్యనివ్వకు.

ఏం చెయ్యాలో చెప్తాను. పెద్ద పెద్ద సంగతులు కావు. నీ ఊళ్ళో నువ్వొక్కడివి మొదలుపెట్టగలవి.

ఒకటి. మిషన్ ముందు మూడు మాటలు నేర్పు: "ఎంత తీస్తున్నావు? తెర ఇటు తిప్పు. చీటీ ఇవ్వు." డబ్బు తీసినా, తీయలేకపోయినా చీటీ అడగాలి. "సర్వర్ లేదు" అంటే, లేదని ఉన్న చీటీయే కావాలి. అది ఇవ్వనివాడి మిషన్ మీద రెండోసారి వేలు పెట్టొద్దు.

రెండు. ఖాతాకి ఇంట్లోవాళ్ళ ఫోన్ నంబరే ఎక్కించండి, ఏజెంటు నంబరు కాదు. మెసేజ్ ఆ ఇంటికే రావాలి. నెలకొకసారి ఊళ్ళో పుస్తకాలన్నీ పోగుచేసి ఎవరో ఒకరు బ్యాంకుకి తీసుకెళ్ళి ఎక్కించుకు రండి. సంతరోజు చేస్తే ఖర్చు కూడా ఉండదు.

మూడు. డబ్బు మనకి రావడానికి పిన్ కొట్టక్కర్లేదు, ఓటీపీ చెప్పక్కర్లేదు. పిన్ కొట్టమన్నాడంటే పోయేది మన డబ్బే. ప్రభుత్వ సాయానికి ముందు ఫీజు అనేది ఉండదు.

నాలుగు. మిషన్‌లో డబ్బు కట్ అయ్యి చేతికి రాకపోతే ఐదు రోజుల్లో వెనక్కి ఎక్కాలి. ఎక్కకపోతే ఆ తర్వాత ప్రతి రోజుకీ వంద రూపాయలు పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులోనే రూలు పెట్టింది. మన వాళ్ళలో ఎంతమంది అడిగారు? తెలిస్తే కదా అడగడం. బ్యాంకులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకో. బ్యాంకు పలకకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ నంబరు 14448.

ఐదు. మోసం జరిగితే వెంటనే 1930కి ఫోన్ చెయ్యి. సిగ్గుపడి దాచొద్దు. మన తప్పు లేకుండా బయటివాడు తీస్తే, తెలిసిన మూడు పని రోజుల్లోపు బ్యాంకుకి చెప్పినవాళ్ళ మీద నష్టం పడకూడదని 2017 నుంచి రూలు ఉంది. ఆలస్యమయ్యే కొద్దీ మన హక్కు తగ్గిపోతుంది. తిట్టుకుంటూ కూర్చుంటే దొంగకి టైమిచ్చినట్టే.

ఆధార్ వేలిముద్రకి తాళం వేసుకునే వీలు కూడా ఉంది. ఫోన్ వాడకం వచ్చిన నీకు అది మంచిదే. కానీ తాళం వేసి ఉంటే ఆధార్ అడిగే ఏ మిషన్‌లోనూ వేలు పడదు. కాబట్టి రేషన్‌కీ, పెన్షన్‌కీ వేలిముద్ర వేసే పెద్దవాళ్ళకి తొందరపడి చేసెయ్యకు.

అయితే ఇన్ని జాగ్రత్తలు మనమే పడాలా, ప్రభుత్వానికి బాధ్యత లేదా అని అడుగుతావు. అడగాలి కూడా. జాగ్రత్త మన పని. కానీ దారి వెలుతురులో ఉంచడం ప్రభుత్వం పని. ఎవరికి ఎంత వస్తుందో, ఏ రోజున, ఏ దారిన వస్తుందో ఊళ్ళో గోడ మీద రాయాలి. గ్రామసభలో చదివి వినిపించాలి, సవరలో, కువిలో, మనకి అర్థమయ్యే తెలుగులో. మిషన్ ఏజెంటు పేరు, అతను ఏ బ్యాంకు తరఫున వచ్చాడో, ఫిర్యాదు నంబరు ఏదో అతని మెడలో వేలాడాలి.

ఇది మనం దయతో అడుక్కునేది కాదు. 1996 పెసా చట్టం 4వ సెక్షన్ చదువు. షెడ్యూల్డ్ ప్రాంతంలో పేదరిక నిర్మూలన పథకాలకి లబ్ధిదారుల్ని గుర్తించే బాధ్యత గ్రామసభది. పథకాల డబ్బు సరిగ్గా ఖర్చయిందని పంచాయతీ గ్రామసభ దగ్గర ధ్రువీకరణ తీసుకోవాలి. గిరిజనులకి అప్పులిచ్చే వ్యాపారం మీద అదుపు పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. వేలిముద్ర మిషన్ మీద ఒక మాట అడిగే హక్కు ఆ గ్రామసభకి లేదా? మన జిల్లాల్లో చాలా గిరిజన గ్రామాలు షెడ్యూల్డ్ జాబితాలో లేవు, ఆ పోరాటం వేరే ఉంది. ఆ ఊళ్ళలోనూ గ్రామసభ ఉంది కదా. అక్కడ కూడా లేచి అడగొచ్చు.

ఆ తర్వాత జిల్లాలు మారాయి. 2022 ఏప్రిల్లో పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది. సీతంపేట, కురుపాం, సాలూరు ఒక్క జిల్లాలోకి వచ్చాయి. బోర్డులు మారాయి. కొండ దిగి బ్యాంకుకి వెళ్ళే దారి మాత్రం అంతే పొడుగుంది. ఆ దారి పొడుగున్నంత కాలం బండి మీద మిషన్ వస్తూనే ఉంటుంది.

ఆ పెద్దమ్మ డబ్బులు తిరిగి రాలేదు. పుస్తకం ఎక్కించే సరికే నెలలు గడిచిపోయాయి, చేతిలో చీటీ లేదు, వచ్చినవాడి పేరు ఎవరికీ తెలీదు. కానీ ఇప్పుడు ఆమె ఒక పని చేస్తోంది. ఎవరు వేలు పెట్టమన్నా చెయ్యి వెనక్కి లాక్కుని, పక్కనున్న పిల్లని పిలుస్తుంది. "ఓ గుంటా, ఇలా రా. ఏటి రాసుందో సదివి సెప్పు."

ఆ పిల్ల నువ్వే. ఆమె పిలిచినప్పుడు ఊళ్ళో ఉండు.